పదహారు అంకెల సేపు

దీపాలు ఇక్కడ ఒక్కసారిగా ఆరిపోవు. ఎవరో దుప్పటి కప్పుతున్నట్టు చీకటి పైనుంచి మెల్లిగా దిగుతుంది, దిగుతున్నంతసేపూ హాలంతా దగ్గుతుంది, ఇప్పుడు దగ్గకపోతే మళ్ళీ గంటదాకా దగ్గనివ్వరన్నట్టు. అతను దగ్గలేదు.  మూడో వరస, నడిమికి కాస్త ఎడమగా, కూతురు తన బ్యాలే ఉన్నరోజున ఎప్పుడూ ఇప్పించే రెండు సీట్లే. ఒకదాంట్లో అతను, రెండోదాంట్లో మడతపెట్టిన అతని కోటు. కోటున్న చోట భార్య ఉండాలి. మూడు వారాల కిందట స్నానాలగదిలో కాలుజారి తుంటి ఎముక విరగ్గొట్టుకుని మంచం పట్టింది. ఇతను బయల్దేరుతుంటే పడుకునే వేలెత్తి బెదిరించింది, "పూసగుచ్చినట్టు చెప్పాలి వచ్చి, ఒక్కటి వదిలారో ఊరుకోను" అని. ముప్ఫై నాలుగేళ్ళుగా లిఫ్టులు బాగుచేసుకుంటున్నవాడికి పూసలు గుచ్చడం ఎక్కడ చేతనవుతుంది? కంపెనీలో కుర్రాళ్ళు అతన్ని బ్రేకు బాబాయ్ అంటారు. ఏ బిల్డింగుకి వెళ్ళినా తలుపు మూసుకుంటోందా, బటను వెలుగుతోందా అని కాదు, ముందు బ్రేకు చూస్తాడని. చూసి, చేత్తో తడిమి, అప్పుడు గాని లోపలికి అడుగుపెట్టడు. అలాంటివాడు ఇవాళ తొమ్మిదివందల మంది మధ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, కాసేపట్లో ఏం తెగబోతోందో ఈ తొమ్మిదివందల మందిలో తనొక్కడికే తెలిసి.

తెలియకుండా ఉంటే ఎంత బాగుండేది. అరగంట ముందు వచ్చి బుద్ధిగా సీట్లో కూర్చుని ఉంటే తెలిసేది కాదు. కాని భార్య రిబ్బన్లు కుట్టిన బూట్లు పంపించింది. ఆటకో కొత్త జత బూట్లు, బూటుకి రెండేసి రిబ్బన్లు, అవి చేత్తో కుట్టాలి, మిషను కుట్టు చీలమండని కోస్తుందట. పదేళ్ళుగా ఆ కుట్టు ఆవిడదే, మంచం మీద వెల్లకిలా పడుకుని కూడా పొట్టమీద బూటు పెట్టుకుని కుట్టింది. వెనక గేటు దగ్గర కాపలావాడికి మొహం తెలుసు, పోనిచ్చాడు. బట్టలగది చూసే ముసలమ్మకి బూట్లు అప్పజెప్పి వెనక్కి వస్తూ ఒక మలుపు తప్పాడు, సామాన్ల లిఫ్టు కనిపిస్తే కాళ్ళు అటే లాగుతాయి కదా, దాని పక్కన మెట్ల మీద జతగాడు కూర్చుని ఉన్నాడు. బొంగరంతో ఆరేళ్ళుగా జతగా ఆడేవాడు. బొంగరం అంటే కూతురే, నాలుగేళ్ళప్పుడు వంటింట్లో గిరగిరా తిరిగి పాలగిన్నె నెత్తిన పోసుకున్నప్పుడు పడిన పేరు. ఈ జతగాడు తలుపు చట్రం నిండేంత మనిషి, కుడి భుజం మీద ఐసుసంచి పెట్టుకుని, ఎడమచేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని పైకి ఎత్తుతున్నాడు. చెయ్యి చెవిదాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అక్కడే ఆగింది. తలెత్తేసరికి ఎదురుగా బొంగరం వాళ్ళ నాన్న.

"మీరు చూడలేదనుకోండి బాబాయ్ గారూ."

"ఎన్నాళ్ళయింది?"

"వారం. పొద్దున సూది వేయించుకున్నాను. ఆటలోకి దిగితే ఒళ్ళు వేడెక్కి అదే కదులుతుంది."

"కదలకపోతే?"

 జతగాడు ఐసుసంచి ఇటునుంచి అటు మార్చుకున్నాడు. "తనకి మాత్రం చెప్పకండి," అన్నాడు, "తెలిస్తే భయపడుతుంది. భయపడితే ఎగిరేముందు అరక్షణం ఆగుతుంది. ఆ అరక్షణం చాలు బాబాయ్ గారూ, ఇద్దరం పోతాం."

అది అబద్ధమని ఎలా అంటాడు? తన పనిలోనూ అంతే. బిల్డింగు గుండెలో నిలువుగా తవ్విన చీకటి బావిలోకి దిగాల్సిన పని అది. ధైర్యంగా దిగినవాడు వస్తాడు, నిర్లక్ష్యంగా దిగినవాడు కూడా ఒక్కోసారి వస్తాడు, భయపడుతూ దిగినవాడే జారతాడు. చెబితే భయంతో పోతుంది, చెప్పకపోతే భుజంతో పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఇన్నాళ్ళూ ఊరికే అనేవాడు, మాటవరసకి, జీతం పెరగనప్పుడూ టైరు పంచరైనప్పుడూ. ఇప్పుడు తెలిసింది ఆ మాట ఎవడు కనిపెట్టాడో. వాడికీ ఒక కూతురు ఉండి ఉంటుంది.

తెర లేచింది. నీలం వెలుగు. జతగాడు పిల్లని తలమీదికి లేపే ఆ ఎత్తు గురించి ఇప్పుడే ఎందుకు, ఎత్తు రెండో అంకంలో కదా, ఇప్పుడు మొదటి అంకం, ఇప్పుడు ఫర్వాలేదు, ఇప్పుడు ఊపిరి పీల్చుకోవచ్చు. కథ పెద్దగా ఏం లేదు. ఏటిమీద వంతెన కట్టేవాడొకడు, ఏట్లోంచి వచ్చే పిల్ల ఒకతె. పిల్ల ఏట్లో ఉన్నంతకాలమే వంతెన నిలబడుతుంది, గట్టెక్కితే కూలిపోతుంది. ఒక్క మాట ఎదురూబదురూ కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే సంగతి, కాని బ్యాలేలో ఎవరూ నోరు విప్పరు, అన్నీ కాళ్ళతోనూ చేతులతోనూ. మొదట్లో అతనికి నవ్వొచ్చేది, మూగవాళ్ళ పంచాయితీ అనేవాడు, భార్య డొక్కలో పొడిచేది. వెనక బాల్కనీలో కూర్చున్నవాళ్ళకి ఇదంతా గాల్లో తేలే ఈకల్లా ఉంటుందట. మూడో వరసలోవాళ్ళకి అలా ఉండదు. మూడో వరసకి బూటు ముక్కు చెక్కకి తగిలే చప్పుడు వినిపిస్తుంది, టక్, టక్, చెక్కపెట్టెలో పెద్ద గింజలు పోస్తున్నట్టు. పాతికమంది ఆడపిల్లలు ఒక్కసారి గాల్లోంచి దిగితే పాతిక మూటలు దించినట్టు నేల మూలుగుతుంది. గిర్రున తిరిగినప్పుడు జుట్టులోంచి చెమట చుక్కలుగా లేచి దీపాల వెలుగులో ఒక క్షణం వడ్లగింజల్లా మెరిసి పడిపోవడం కనిపిస్తుంది. పెదవులు నవ్వుతూనే ఉంటాయి, కింద పక్కటెముకలు కొలిమితిత్తుల్లా కొట్టుకుంటూ ఉంటాయి. ఆ నవ్వుకీ ఆ ఎముకలకీ మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆ జానెడు దూరమే వీళ్ళ పనంతా అని అతనికి ఎప్పుడో అర్థమైంది, ఎవరితోనూ అనలేదు, అనడానికి తనెవరు, లిఫ్టులవాడు.

అదిగో బొంగరం. చాపలా పరిచిన నీలం గుడ్డకింద నుంచి ముందు ఒక చెయ్యి, తరవాత మెడ. నిలువునా పెరిగిన ఈ మనిషి తన ఇంట్లోదేనా అని ప్రతిసారీ ఒక తడబాటు. ఏడేళ్ళ పిల్లగా మొదటిరోజు క్లాసుకి తీసుకెళ్ళింది తనే, ఎత్తైన కిటికీలున్న ఒక పొడుగాటి గది, గోడపొడుగునా నడుం ఎత్తున కర్రకమ్మీ, మూల పియానో వాయించే ముసలాయన చన్నీళ్ళు తాగినట్టు మొహం పెట్టుకుని. పిల్లలంతా ఆ కమ్మీ పట్టుకుని నిలబడితే అతను వెళ్ళి కమ్మీని గోడకి బిగించిన బోల్టులు ఒక్కొక్కటే కదిపి చూశాడు. మూడోది వదులుగా ఉంది. టీచరమ్మ నోరు తెరిచి చూస్తూ ఉండగానే జేబులోంచి పానా తీసి బిగించాడు. పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. ఇంటికెళ్ళేదారిలో మాట్లాడలేదు, మెట్లెక్కేటప్పుడు మాత్రం, "నాన్నా, ఇప్పుడది గట్టిగా ఉంది కదా," అంది. గట్టిగా ఉందమ్మా. ఆ రోజుల్లో అన్నీ బిగించగలిగేవి. చేతికి అందే ఎత్తులో ఉండేవి.

ఒక మనిషిని తీసుకెళ్ళే లిఫ్టుకి తాడు ఒకటి కాదు, నాలుగో ఐదో ఉంటాయి. ఒక్కొక్కటీ ఒంటరిగా మొత్తం బరువు మొయ్యగలదు, అయినా ఐదు పెడతారు. అవన్నీ తెగినా పక్కన పట్టాలని కరుచుకునే దవడలు ఉంటాయి. అవి కరవకపోతే అడుగున స్ప్రింగులు. అన్నీ కుదిరాక ఒక ఇనస్పెక్టరొచ్చి సంతకం పెడితే తప్ప ఎవర్నీ ఎక్కనివ్వరు. ఇక్కడ నలభైతొమ్మిది కిలోల పిల్ల వేదిక మూలనించి పరుగెత్తుకుంటూ వచ్చి ఎగురుతుంది, వాడు నడుం దగ్గర ఒడిసిపట్టి ఒక్క తోపుతో తలమీదికి ఎత్తుతాడు, తరవాత రెండో చెయ్యి వదిలేస్తాడు. ఒంటిచెయ్యి. పదహారు అంకెల సేపు. వాళ్ళు ఎనిమిదేసి లెక్కపెట్టుకుంటారు, రెండు ఎనిమిదులు. నేలనించి ఎనిమిదడుగుల ఎత్తున, వెల్లకిలా, తల వెనక్కి వాల్చి, మొహం పైకప్పుకేసి. ఒక్క తాడు. ఆ తాడు ఇవాళ మధ్యాహ్నం రెండున్నరకి చెవిదాకా వచ్చి ఆగిపోయింది.

ఇంకో సంగతి ఉంది, అది భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఎత్తుని అతను ఎన్నడూ చూడలేదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా. కావాలని కాదు. కొత్తలో, పెళ్ళి కూడా కాకముందు, పని నేర్పిన పెద్దమేస్త్రీతో తొమ్మిదంతస్తుల బావిలో ఉన్నాడొకసారి, మేస్త్రీ లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి అడ్డదూలం మీదికి కాలు చాపాడు, ఇతను టార్చి పట్టుకున్నాడు. కాలు దూలానికి బెత్తెడు ఇవతల పడింది. టార్చి వెలుతురు మేస్త్రీ వెంటే కిందిదాకా వెళ్ళింది. చెయ్యి వణకలేదు, రెప్ప పడలేదు, మొత్తం చూశాడు, మంచి చూపు, మంచి వెలుతురు. చూడటంవల్ల వెంట్రుకవాసి కూడా ఏదీ ఆగలేదు. ఆ తరవాత ఎన్ని బావుల్లో దిగినా ఏం కాలేదు, తాళ్ళూ బ్రేకులూ ఉన్నచోట అతను సింహమే. కాని పట్టుకోడానికి ఏమీ లేకుండా మనిషన్నవాడు గాల్లోకి లేస్తే రెప్పలు వాటంతటవే వాలిపోతాయి. బొంగరాన్ని మొట్టమొదటిసారి ఆ జతగాడు పైకెత్తినరోజు భార్య పక్కకి తిరిగి ఈయన మొహం చూసింది.  ఎత్తు అయిపోయాక మోకాలు మీద రెండుసార్లు తట్టింది, "దిగింది, తెరవండి" అని. ఆనాటి నుంచీ అదే పద్ధతి. ఇంటికెళ్ళే దారిలో ఆవిడ అంతా చెప్పేది, చెయ్యి ఎలా చాచిందీ, మెడ ఎలా వాల్చిందీ, అవి కంఠతా పట్టి మర్నాడు కూతురు ఫోను చేస్తే అప్పజెప్పేవాడు, "ఆ ఎడంచెయ్యి చాచావు చూడూ, అబ్బో!" అని. కూతురు అవతల మురిసిపోయేది. అమ్మ మాట ఎలాగూ మెచ్చుకోలే, నాన్న అంటే మాత్రం నిజమన్నమాట, నాన్న దేన్నీ ఊరికే బాగుందనడు కదా.

విరామం ఇచ్చారు. అతను లేచిన సంగతి కాళ్ళకి ముందు తెలిసింది, అతనికి తరవాత. జనాన్ని తోసుకుంటూ, బయటి మెట్లుదిగి, బిల్డింగు చుట్టూ తిరిగి వెనక గేటుకి వచ్చేసరికి ఎండ మొహాన కొట్టింది. రోడ్డుమీద ఎవడో సైకిలుకి గాలి కొట్టుకుంటున్నాడు. ఇంత మామూలుగా ఎలా ఉంది బయట? కాపలావాడు ఈసారి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆట నడుమ ఎవర్నీ పంపకూడదండీ. నాకు మాటొస్తుంది."

"మా అమ్మాయితో ఒక్క మాట చెప్పాలి."

"చెప్పండి, నేను వెళ్ళి చెప్తాను. ఏం చెప్పమంటారు?"

ఏం చెప్పమంటాడు? భుజం. ఆ ఒక్క మాట నాలుక చివర్న ఉంది. కాపలావాడు చెవి ఇటు పెట్టి, నిజంగా, మనస్ఫూర్తిగా, మోసుకెళ్ళడానికి సిద్ధంగా నిలబడ్డాడు. భుజం జాగ్రత్త అని చెప్పు. ఎవరి భుజం అంటుంది అది. జతగాడి కళ్ళలోకి చూస్తుంది. మూలనించి పరుగు మొదలెడుతుంది, ఆఖరి అడుగులో అరక్షణం. ఆ అరక్షణాన్ని తన చేత్తో తనే లోపలికి పంపినట్టు. చెప్పకుండా వెనక్కి వెళితే? ఆట ఆపెయ్యమంటే? ఎవరు ఆపుతారు, మూడో వరసలో కూర్చున్న ముసలాడు చెప్పాడని? ఆపితే ఆ జతగాడి బతుకేం కావాలి, ఆరేళ్ళు తన పిల్లని పువ్వులా దింపినవాడు, ఒక్కసారి కూడా...  

"బాగా చెయ్యమని చెప్పు."

"అంతేనా?"

"అంతే."

తిరిగొచ్చి కూర్చున్నాడు. కుడిపక్క సీట్లో దుర్భిణీ పట్టుకున్న పెద్దావిడ, మూడో వరసలో దుర్భిణీ ఎందుకో ఆ తల్లికే తెలియాలి, ఏదో బిళ్ళ చప్పరిస్తూ పలకరించింది, "ఇకముందే అసలైంది, చూడండి. ఆ ఏటి పిల్లని ఎత్తుతాడు, దానికోసమే నేను రెండోసారి వచ్చాను." అతను తలూపాడు. మా అమ్మాయే అండీ అని మామూలుగా ఈపాటికి చెప్పేవాడు. చెప్పుకోకుండా ఒక్కరోజూ ఉండలేదు, టిక్కెట్లు చింపేవాళ్ళకి కూడా చెప్పేవాడు. ఇవాళ పక్క సీట్లో కోటు మడత సరిచేశాడు.

ఇవాళ చూడాలి. ఎందుకో తెలియదు గాని చూడాలి, చూడటంవల్ల ఏదీ ఆగదని తెలిసినా చూడాలి, తట్టడానికి పక్కన భార్య కూడా లేదు. అది పడితే పడుతున్నప్పుడు తండ్రి కళ్ళు మూసుకుని ఉన్నాడనే మాట రాకూడదు. ఎవరికి రాకూడదు? ఎవరు చూడొచ్చారు? తొడ గిల్లుకున్నాడు. వేదిక మీద వంతెన సగం కట్టారు, జతగాడు రాళ్ళు మోస్తున్నట్టు ఆడుతున్నాడు, కుడిచెయ్యి ఎత్తినప్పుడల్లా ఇతని కుడిచెయ్యి కుర్చీ పిడి మీద బిగుసుకుంటోంది. చెవి దాటింది. దాటిందా? ఆ వెలుగులో తెలియడం లేదు. పిల్లలు బారులుగా వచ్చారు, నీళ్ళలా పారి వెళ్ళిపోయారు. వయొలిన్లన్నీ ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. ఇక మిగిలింది ఆ ఒక్క పెద్ద వాయిద్యం, మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించేది, మనిషి గొంతులా ఉంటుంది దాని మోత. ఈ మోత వచ్చిందంటే అదే. ఆరేళ్ళ నుంచి వింటున్న బ్యాలేలన్నిట్లో ఎత్తుకి ముందు ఇలాగే అన్నీ సద్దుమణుగుతాయి, అతను వాటిని చూసి కాదు, విని గుర్తుపడతాడు. మూలనించి పరుగు. టక్ టక్ టక్ టక్. ఏడేళ్ళ పిల్ల మెట్లమీద. పాలగిన్నె. ఇప్పుడది గట్టిగా ఉంది కదా నాన్నా. చూడు, చూడు, చూడరా వెధవా, కళ్ళు తెరుచుకుని

వాలిపోయాయి.

చీకట్లో ముందు పరుగు ఆగింది. పడిన చప్పుడు లేదు. బూటు చప్పుడు కూడా లేదు, అంటే నేలమీద లేదు, పైనుంది. ఆ వాయిద్యం ఒక్కటే ఒక్క స్వరం పట్టుకుని సాగదీస్తోంది. ఒకటి, రెండు, మూడు. హాల్లో ఎవరూ ఊపిరి తియ్యడం లేదు. దగ్గు లేదు, కాగితం చప్పుడు లేదు, తొమ్మిదివందల మంది బావి అంచున నిలబడి లోపలికి వంగినట్టు. ఆరు, ఏడు. భుజం ఇప్పుడు ఎక్కడుంది? మండుతూ ఉంటుంది. వేళ్ళలోకి తిమ్మిరి దిగుతూ ఉంటుంది. ఇంకో ఎనిమిది ఉంది. నా చెయ్యి తీసుకోరా, నా రెండు చేతులూ తీసుకో, ఇనప చేతులు ఇవి, మోటారు ఎత్తిన చేతులు, ఊరికే ఒళ్ళో పడున్నాయి. పదకొండు. ఎవరో ఆడమనిషి ముక్కు ఎగబీల్చింది. పడుతోందా? పడేటట్టయితే కేక వినిపిస్తుంది. మేస్త్రీ కేక వెయ్యలేదు. పధ్నాలుగు. ఆవిడ చెయ్యి ఏది, కోటు, ఉత్త కోటు, పదిహేను, దిగింది అను, ఎవరైనా దిగింది అనండి. పదహారు. ఇంకా నిశ్శబ్దం. తరవాత కప్పు కూలినట్టు చప్పట్లు.

కళ్ళు తెరిచాడు. బొంగరం నేలమీద ఉంది. రెండు కాళ్ళమీద, నిటారుగా, జతగాడి పక్కన. వంతెన అట్టముక్కలుగా కూలుతోంది, పిల్లలు పరుగెత్తుతున్నారు, ఆ తరవాతదంతా అతనికి నీళ్ళలోంచి చూసినట్టే ఉంది. పక్కనున్న పెద్దావిడ దుర్భిణీ ఒళ్ళో పడేసి కళ్ళు ఒత్తుకుంటోంది. "చూశారా? ఇలాంటిది నా జన్మలో చూడలేదు," అంది. "మా అమ్మాయే అండీ," అన్నాడు అతను. 

కాపలావాడు ఈసారి నవ్వుతూ దారిచ్చాడు. నడవా చివర్న కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది, దాని కింద బెంచీమీద బొంగరం కూర్చుని ఉంది, రెండు కాళ్ళూ ఐసు బకెట్లో పెట్టుకుని, మొహం మీద రంగు సగం తుడిచి సగం ఉండగా. దగ్గరికెళ్ళి నెత్తిమీద చెయ్యివేశాడు. జుట్టు తడిసి ముద్దగా ఉంది, పిన్నులు గుచ్చుకున్నాయి. ఉంది. ఇక్కడే ఉంది.

"ఎలా ఉంది నాన్నా?"

"ఏం చెప్పను! పక్కన ఒకావిడ ఏడ్చేసింది తెలుసా," అన్నాడు, సంతోషం పొంగుకొచ్చి మాటలు తన్నుకొస్తున్నాయి, "ఆ ఎత్తు ఉంది చూడూ, అబ్బో, ఆ ఎడంచెయ్యి గాల్లో చాచి..."

దూదితో బుగ్గ తుడుచుకుంటున్న చెయ్యి ఆగింది.

"ఇవాళ ఎత్తు లేదు నాన్నా."

నడవాలో ఎవరో చక్రాల బండి తోసుకెళ్ళారు. 

"తన భుజం సంగతి ఇంటర్వెల్లో చెప్పేశాడు," అంది మెల్లిగా. "నీ మొహం చూశాక దాచడం తనవల్ల కాలేదట. కాపలా అతనొచ్చి మీ నాన్న బాగా చెయ్యమన్నారు అని చెప్తే తను పాపం తల పట్టుకున్నాడు. ఎత్తు తీసేశాం. ఆ పదహారు అంకెల్లో ఇంకేం పెట్టాలో తోచలేదు, టైమెక్కడుంది, ఊరికే నిలబడదాం అన్నాడు. మంచి భుజం మీద తలపెట్టి నిలబడ్డాను, అంతే. కదలకుండా. జనంవైపు తిరిగి."

"అందరూ..." అన్నాడు, ఏం అనబోయాడో అతనికే తెలియదు.

"ముందు మూడు నాలుగు వరసలు మాకు కనిపిస్తాయి నాన్నా, వెలుగు పడుతుంది. పైన ఉన్నప్పుడు ఎవరూ కనపడరు, పైకప్పే కదా. ఇవాళే మొదటిసారి నిన్ను చూశాను."

బకెట్లో ఐసుముక్క ఒకటి కరిగి పక్కదాని మీదికి జారింది. అతను ఆ చప్పుడు విన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నువ్వు దిగాక అమ్మ మోకాలు మీద తట్టేది," అన్నాడు చివరికి, అదేదో జవాబైనట్టు.

"ప్రతిసారీనా?"

తలూపాడు.

"ఈ ఆరేళ్ళూనా నాన్నా?"

మళ్ళీ ఊపాడు. ఆమెకి కోపం వస్తుందేమో, వస్తే బాగుండుననిపించింది. రాలేదు. దూది మడిచి, ఇంకా మడిచి, గోటితో నొక్కుతూ కూర్చుంది. "పరుగు మొదలెట్టేముందు ఏమనుకునేదాన్నో తెలుసా? అందరూ అంకెలు లెక్కపెట్టుకుంటారు. నేను నాన్న చూస్తున్నాడు అనుకునేదాన్ని. నాన్న చూసి ఊరుకున్నాడంటే ఇంకేం కాదు అని. అలా అనుకునే ఎగిరేదాన్ని."

చెప్పాలి. మేస్త్రీ సంగతి చెప్పాలి, టార్చి సంగతి, చూడటంవల్ల ఏదీ ఆగదని, నువ్వు దిగింది నీ కాళ్ళవల్లా వాడి చేతులవల్లా గాని నా కళ్ళవల్ల కాదు తల్లీ అని. మాట గొంతుదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? చూపు దేన్నీ ఆపదని, బెత్తెడు ఇవతల కాలుపడితే తొమ్మిదంతస్తులూ ఖాళీయేనని, ఆ మాటని ఆమె కూడా తీసుకుని వేదిక మూలకి వెళుతుంది. అక్కణ్నించి పరుగెత్తాలి. ఆఖరి అడుగుదాకా అది వెంటే వస్తుంది. తనని తాను కడుక్కోవాలంటే ఆ భయం పట్టుకెళ్ళి పిల్ల చేతిలో పెట్టడం తప్ప దారి లేదు. మింగేశాడు.

"భుజం వారంలో సర్దుకుంటుందట," అంది ఆమె, నీళ్ళలో కాళ్ళకేసి చూస్తూ. "వచ్చే శనివారం నుంచి మళ్ళీ ఎత్తు పెడతారు. ఇక తెలిసి ఎగరాలి."

"నన్ను రావద్దంటే..."

"రా నాన్నా. రాకుండా మాత్రం ఉండకు."

"వస్తాను," అన్నాడు.

చూస్తానని అనలేకపోయాడు. ఆ రెండో మాటకోసం ఆమె తలెత్తి కొంచెంసేపు ఆగింది. తరవాత కాళ్ళు బకెట్లోంచి తీసి తువాలు అందుకుంది.